మీ వీధిలో పెద్ద అపార్ట్‌మెంట్ వస్తోందా? మీ మాట చెల్లేలా ఎలా చెప్పాలి

ఒక రోజు పొద్దున్నే పాలప్యాకెట్ కోసం బయటికొస్తే వీధి చివరి పెంకుటింటి చుట్టూ రేకులు కట్టి ఉంటాయి. "మాస్టారుగారు స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారటండీ, ఐదంతస్తులట" అని ఒకరంటారు. "ఐదు కాదు, వెనకిల్లు కూడా కలిపేశారు, తొమ్మిదట" అని ఇంకొకరు. ఆ వారమంతా వీధిలో అదే మాట. విజయవాడలో పటమట అయినా, మొగల్రాజపురం అయినా, భవానీపురం అయినా ఇది అందరికీ ఎదురయ్యేదే.

మా వీధిలో మొదటిసారి ఇలా జరిగినప్పుడు మేం సెల్లార్ తవ్వడం మొదలయ్యాక టెంటు వేసుకుని కూర్చున్నాం. అప్పటికి ప్లాన్ మంజూరై ఐదు నెలలయింది. "మీ అభ్యంతరం ఏమిటో రాసివ్వండి" అని అధికారి అడిగితే ఇవ్వడానికి మా దగ్గర కాగితమే లేదు. కోపం ఉంది, అంతే. రెండో అపార్ట్‌మెంట్ వచ్చినప్పుడు మాత్రం ముందే మేలుకున్నాం. కట్టడం ఆగలేదు, ఆపాలని మేం అడగనూ లేదు. కానీ గేటు మూలమలుపు నుంచి పక్కకి జరిగింది, కాలువ వెడల్పయింది, రోడ్డుకి వదలాల్సిన జాగా నిజంగానే వదిలారు. ఆ రెండుసార్లలో నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు ఒక సంగతి తెలుసుకోండి

అపార్ట్‌మెంట్ కట్టే ముందు చుట్టుపక్కల వాళ్లని పిలిచి అడుగుతారని చాలామంది అనుకుంటారు. అడగరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మాణం, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు, ఆపైన ఉంటే పర్యావరణ అనుమతి తప్పనిసరి. కానీ భవన నిర్మాణాలకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. ఫ్యాక్టరీకీ గనికీ జరిగే బహిరంగ విచారణ అపార్ట్‌మెంట్‌కి జరగదు. ఆ స్థాయికి రాని మామూలు కట్టడాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మీ వీధి విచారణ మీరే పెట్టుకోవాలి, ప్లాన్ మంజూరు కాకముందే పెట్టుకోవాలి. 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి (ప్లాన్ నియమాల ప్రకారమే ఉందని కట్టేవాళ్ల తరఫున హామీ రాసిస్తే అనుమతి వచ్చే పద్ధతి) కూడా వచ్చింది కనుక చిన్న కట్టడాలకి అనుమతి ఇంకా తొందరగా అయిపోతుంది.

చట్టమే మనల్ని అడిగే సందర్భం ఒకటుంది. మాస్టర్‌ప్లాన్‌లో ఆ స్థలం ఇళ్లు కట్టడానికి వీల్లేని జోన్‌లో ఉంటే భూవినియోగ మార్పిడి కావాలి. దానికి అభ్యంతరాలు, సలహాలు కోరుతూ ప్రకటన ఇస్తారు. గడువు అందులోనే ఉంటుంది, రోజుల లెక్కే కానీ నెలల లెక్క కాదు. మీ పేట పక్కన పొలమో, గోడౌన్ స్థలమో, పాత మిల్లో ఉంటే పేపర్లో వచ్చే నోటీసుల మీద ఒక కన్నేసి ఉంచండి.

మొదటి పని: వ్యవహారం ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి

రేకులు కట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. పాత ఇల్లు పడగొట్టినా వచ్చినట్టు కాదు. ముందు వార్డు సచివాలయానికి వెళ్లి ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. భవన అనుమతులన్నీ ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి కాబట్టి దరఖాస్తు పడిందా, ఏ దశలో ఉందో ఆయన చూసి చెప్పగలరు. వెళ్లేటప్పుడు సర్వే నంబరో, ఆ ఇంటి డోర్ నంబరో పట్టుకెళ్లండి. "వీధి చివర మాస్టారుగారి స్థలం" అంటే కంప్యూటర్‌లో దొరకదు.

తర్వాత రెరా, అంటే ఇళ్ల, ఫ్లాట్ల అమ్మకాలని నియంత్రించే సంస్థ, వెబ్‌సైట్ చూడండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు (సుమారు 600 గజాలు) దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ అయిన ప్రాజెక్టు వివరాలు, ఎన్ని ఫ్లాట్లు, ఎప్పటికి పూర్తిచేస్తామన్నారు, ఇవన్నీ అక్కడ ఎవరైనా చూడొచ్చు. బ్రోషర్ చేతికొచ్చి రెరా నంబరు లేకపోతే ఆ బ్రోషర్ పారేయకండి, దాచండి.

ఊరి బయట కానూరు, పోరంకి, ఎనికేపాడు, గొల్లపూడి వైపు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ నగరపాలక సంస్థ పరిధి ఉండదు. ఆ స్థలం పంచాయతీలో ఉందా, వేరే మున్సిపాలిటీలో ఉందా, అనుమతి ఇచ్చేది వాళ్లా సీఆర్‌డీఏనా (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అనేది ముందు తేల్చుకోండి. తప్పు ఆఫీసుకి అర్జీ పెట్టి నెల రోజులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కాగితాలు తెప్పించుకోండి

2005 సమాచార హక్కు చట్టం కింద టౌన్‌ప్లానింగ్ విభాగం పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. కార్పొరేషన్ స్థాయిలో ఫీజు పది రూపాయలు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ముప్ఫై రోజుల్లోగా అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయండి. అప్పటికీ తేలకపోతే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

"ఈ అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఎందుకిచ్చారు?" అని రాయకండి. ఎందుకు, ఏమిటి అంటే జవాబు రాదు. కాగితం పేరు చెప్పి అడగాలి. మేం ఇలా రాశాం:

"ఫలానా సర్వే నంబరులోని స్థలానికి సంబంధించి: 1. మంజూరైన లేదా దరఖాస్తు చేసిన ప్లాన్ నకలు. 2. స్థలానికి ఆనుకుని ఉన్న రోడ్డు వెడల్పు ఎంతగా చూపారో తెలిపే సైట్ తనిఖీ నివేదిక నకలు. 3. రోడ్డు విస్తరణకు వదలవలసిన జాగా వివరాలు. 4. టీడీఆర్ బాండ్లు (రోడ్డు వంటి వాటికి స్థలం వదిలినవాళ్లకు పరిహారంగా ఇచ్చే అదనపు నిర్మాణ హక్కులు) వాడి అదనపు అంతస్తులు తీసుకుని ఉంటే ఆ వివరాలు. 5. మురుగు, వాన నీటి కనెక్షన్లకు ఇంజినీరింగ్ విభాగం ఇచ్చిన అభిప్రాయం నకలు. 6. ఫైలును స్వయంగా పరిశీలించేందుకు తేదీ, సమయం."

ఆరోది మర్చిపోకండి. ప్లాన్ బిల్డర్‌కి చెందిన సమాచారమని, ఆయన్ని అడగాలని ఆఫీసులో అంటుంటారు. అప్పుడు ఫైలు చూసే హక్కు కూడా అడిగి ఉంటే పని పూర్తిగా ఆగకపోవచ్చు. మొదటి గంట పరిశీలనకి ఫీజు కూడా లేదు. మాకు అసలు సంగతి దొరికింది ఆ గంటలోనే. మా రోడ్డు ముప్ఫై అడుగులే, ప్లాన్‌లో నలభై అని రాసి ఉంది.

టేపు పట్టుకోండి

ఈ పని ఎవరూ చేయరు. కానీ అన్నిటికన్నా ఎక్కువ పలికేది ఇదే.

ఆదివారం పొద్దున ఆరింటికి, బండ్లు తిరగకముందే, నలుగురు వెళ్లండి. మేస్త్రీల దగ్గర దొరికే పొడుగు టేపు ఒకటి, చాక్‌పీసు, నోట్‌బుక్, ఫోను చాలు. రోడ్డుని ఒక్కచోట కొలిస్తే సరిపోదు. మెయిన్‌రోడ్డు మలుపు దగ్గర, మధ్యలో, స్థలం ముందు, చివర, కనీసం నాలుగు చోట్ల ఈ ప్రహరీ నుంచి ఆ ప్రహరీ దాకా కొలవండి. తర్వాత కాలువ వెడల్పు, అరుగులు, ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె తీసేసి, బండి నిజంగా నడిచే తారు ఎంత ఉందో విడిగా కొలవండి. మా వీధిలో మొదటి లెక్క ముప్ఫై అడుగులు, రెండో లెక్క పదిహేడు. చాక్‌పీసుతో రోడ్డు మీద గీసిన గీత పక్కన టేపు అంకె కనిపించేలా తీసిన ఫోటో తర్వాత అర్జీకి జతయింది. దాన్ని చూశాక ఆఫీసులో ఎవరూ మాతో వాదించలేదు.

రోడ్డు మీద ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, మన భవన నియమాల్లో కట్టడం ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ, రెండూ ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపడి ఉన్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డూ వెడల్పుండాలి, పక్కల వదిలే జాగా కూడా పెరగాలి. 2017 నుంచి అమల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్ భవన నియమాలకి తరచూ సవరణలు వస్తుంటాయి. అందుకని పాత పట్టిక చూసి వాదించకండి, ఆరోజుకి అమల్లో ఉన్న జీవో ప్రతిని లైసెన్స్ ఉన్న ఇంజినీరు దగ్గర తీసుకోండి.

రెండోది నీళ్లు. బెజవాడ వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఆ వైపు ఇళ్ల గోడల మీద బురద గీత వెల్ల వేసినా పూర్తిగా పోలేదు. మీ వీధిలో ఆ గీత ఉంటే నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఫోటో తీయండి. కొత్త కట్టడం నేలమట్టాన్ని రోడ్డు కన్నా నాలుగడుగులు లేపితే ఆ స్థలంలో నిలిచే నీళ్లు పక్క ఇళ్ల మీదికే వస్తాయి. సెల్లార్ తవ్వితే ఇంకో బాధ. కాలువల పక్కన, నది వైపు కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి. మోటార్లు రాత్రింబవళ్లు తోడి వీధి కాలువలోకి వదులుతాయి. వానాకాలం కాకపోయినా మీ గుమ్మం ముందు మురుగు నిలుస్తుంది.

బండ్ల లెక్క కూడా ఒక రోజు తీయండి. స్కూలు బస్సుల వేళ, ఎనిమిది నుంచి తొమ్మిదింపావు దాకా, వీధి మొదట్లో కుర్చీ వేసుకుని కార్లు, ఆటోలు, బైకులు విడివిడిగా గీతలు పెట్టుకోండి. ఇంటర్ పిల్లలు ఈ పని మనకన్నా బాగా చేస్తారు.

కూర్చుని మాట్లాడే రోజు

ఇక్కడ తొందరపడితే వీధి రెండుగా చీలిపోతుంది. మేం మొదటిసారి చీల్చుకున్నాం. అప్పుడు స్థలం ఇచ్చిన మాస్టారుగారి భార్య మా అమ్మతో రెండేళ్లు మాట్లాడలేదు. అమ్మ వరలక్ష్మీవ్రతానికి పిలవడానికి వెళితే ఆవిడ తలుపు తీయలేదు. ఆ బాధ ముందు గేటూ కాలువా ఎంత!

అందుకని సమావేశం పెట్టే ముందు స్థలం యజమాని ఇంటికి ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి రండి. "బాబాయిగారూ, మీరు ఇవ్వొద్దని మేం అనడంలేదు. ఎన్ని ఫ్లాట్లు, గేటెటు వస్తుంది, నీళ్లెక్కడికి పోతాయి, ఇవి మాట్లాడుకుందామని" అనండి. ఆయనకీ కారణాలుంటాయి. పాత ఇల్లు కారుతుంది, పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, ఇంటిపన్ను పెరిగింది, అన్నదమ్ముల పంపకాలు తేలాలి. సగం ఫ్లాట్లు తన వాటాకి వస్తే ఆయన కూడా రేపు ఆ రోడ్డు మీదే తిరగాలి. ఇది గుర్తుచేస్తే చాలామంది మన పక్కకి వస్తారు.

సమావేశం గుడి మండపంలోనో, కమ్యూనిటీ హాల్లోనో సాయంత్రం ఆరింటికి పెట్టండి. ఒకరి ఇంట్లో మాత్రం పెట్టకండి, అది ఆ ఇంటివాళ్ల గొడవ అయిపోతుంది. అద్దెకుండేవాళ్లని కూడా పిలవండి, "వాళ్లకేం సంబంధం" అని ఎవరన్నా అన్నా సరే. నీళ్లు నిలిస్తే తడిసేది కింద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లే. తోపుడు బండి పెట్టుకునే ఆయన్నీ, ఇస్త్రీ బడ్డీ అతన్నీ పిలవండి. ఆడవాళ్లు వెనక నిలబడిపోతే వీధి నీళ్ల సంగతి తెలిసినవాళ్ల మాట వినకుండానే లేచిపోతాం.

ఒకరు కాగితం పట్టుకుని రాయాలి. వచ్చిన మాటల్ని మూడు రకాలుగా విడదీయండి. నియమానికి విరుద్ధమైనవి ఒకటి: రోడ్డు వెడల్పు తప్పు చూపడం, ఖాళీ వదలకపోవడం, పార్కింగ్ చాలకపోవడం. నియమంలో ఉన్నా మనకి నష్టం చేసేవి రెండోది: గేటు మలుపులో రావడం, సెల్లార్ నీళ్లు, రాత్రి కాంక్రీటు మిల్లర్. ఉత్త ఇష్టాయిష్టాలు మూడోది: "ఎవరెవరో వస్తారు", "మా ఇంటి మీద నీడ పడుతుంది", "వాస్తు". మొదటివి అర్జీలోకి వెళ్లాలి. రెండోవి బిల్డర్‌తో మాట్లాడుకోవాలి. మూడోవి వినండి, రాయకండి.

"ఎవరెవరో వస్తారు" అనే మాట దగ్గర కాస్త గట్టిగా ఉండాలి. కులం, మతం, ఊరు, తినే తిండి, ఇవి ఒక్కసారి సభలోకి వచ్చాయంటే మీ మిగతా మాటలన్నీ విలువ పోగొట్టుకుంటాయి. ఫ్లాట్ కొనుక్కుని వచ్చేవాళ్లు ఏ ఉయ్యూరు నుంచో గుడివాడ నుంచో పిల్లల చదువు కోసం, ఇరవై ఏళ్ల లోనుతో వచ్చేవాళ్లు. మన ఇళ్లు కట్టిన తరమూ అలా వచ్చినదే.

అర్జీ ఎలా రాయాలి

ఒకటిన్నర పేజీ దాటకూడదు. కమిషనర్‌కి రాసి సిటీ ప్లానర్‌కి, ఇంజినీరింగ్ విభాగానికి, పాలకవర్గం ఉన్న సమయమైతే మీ కార్పొరేటర్‌కీ ప్రతులు పెట్టండి. మొదటి పేరాలో స్థలం వివరం, రెండో పేరాలో కొలతలు, మూడో పేరాలో ఏం కోరుతున్నారో అంకెలు వేసి రాయండి. "నిర్మాణాన్ని వెంటనే రద్దు చేయాలి" అని ఒకే ముక్క రాస్తే "నియమాల ప్రకారమే ఇచ్చాం" అని ఒకే ముక్క జవాబు వస్తుంది. బదులుగా ఇలా రాయండి:

"జతచేసిన కొలతల ప్రకారం రోడ్డు వెడల్పు నాలుగు చోట్ల 30 అడుగులకు మించలేదు. దరఖాస్తులో 40 అడుగులుగా చూపారు. కనుక ఉమ్మడి తనిఖీ జరిపి, మా సమక్షంలో కొలిచి, ఆ కొలత ప్రకారమే అంతస్తుల సంఖ్య నిర్ణయించవలసిందిగా కోరుతున్నాము."

ఉమ్మడి తనిఖీ అన్న మాట ఫైల్లో పడితే ఎవరో ఒకరు సైటుకి రాక తప్పదు.

సంతకాల కింద డోర్ నంబరు, ఫోన్ నంబరు ఉండాలి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు నంబరు లేకుండా రెండోసారి వెళితే మళ్లీ మొదటికే వస్తుంది. ఎత్తైన కట్టడమైతే అగ్నిమాపక శాఖకీ ఒక ప్రతి పంపండి. ఫైరింజను మలుపు తిరగలేదన్న మాటకి వాళ్ల దగ్గర విలువుంటుంది, మీ పదిహేడు అడుగుల ఫోటో అక్కడ కూడా పనికొస్తుంది.

బిల్డర్‌తో

ముగ్గురు చాలు. గుంపుగా వెళితే ఆయన మేనేజర్‌ని పంపిస్తాడు. గేటు ఎటు, లారీలు ఏ వేళల్లో, సెల్లార్ నీళ్లు ఏ పైపు ద్వారా ఎక్కడికి, వీధి కాలువ పాడైతే బాగుచేసేదెవరు, ఇవి రాయించుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్ద నియమాల్లో రాత్రి వేళగా లెక్క. నివాస ప్రాంతంలో ఆ వేళ పరిమితి 45 డెసిబెల్స్ అని చెప్పండి.

తవ్వకం మొదలవకముందే ఆనుకుని ఉన్న ప్రతి ఇంటి గోడలు, పైకప్పు, నీళ్ల ట్యాంకు, నేల వీడియో తీయండి. పాత పగుళ్ల మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పగులు పెరిగితే గీత విడిపోతుంది, అది ఎప్పటిదో వాదించాల్సిన పని ఉండదు. మా పక్కింటి పిన్నిగారి వంటగది గోడ బాగుచేయించింది ఆ పెన్సిల్ గీతే. ముందు "ఇది పాత పగులేనండీ" అన్న మేనేజరు, గీతా తేదీ చూసి మర్నాడు మేస్త్రీని పంపాడు.

వినకపోతే

మంజూరైన ప్లాన్‌కి విరుద్ధంగా కడుతుంటే, ఏ అంతస్తు, ఏ వైపు, ఎన్ని అడుగులు జరిగిందో రాసి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 452 సెక్షన్ కింద నోటీసు ఇవ్వమని అడగండి. అప్పటికీ కదలిక లేకపోతే నేలపాడులోని హైకోర్టులో రిట్ వేయొచ్చు. మీ అర్జీలు, రసీదులు, కొలతల ఫోటోలు అక్కడ పనికొస్తాయి. కేసు వేస్తారని అనుమానం వస్తే బిల్డర్ ముందే కేవియట్ (తన మాట వినకుండా ఉత్తర్వులివ్వొద్దని కోర్టుకిచ్చే అర్జీ) వేసి ఉంచవచ్చు, అప్పుడు ఆయన మాట వినకుండా స్టే రాదు. లాయర్‌ని మొదటే ఈ సంగతి అడగండి. పర్యావరణ అనుమతి తీసుకున్న పెద్ద ప్రాజెక్టు మీద అభ్యంతరమైతే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లాలి. అక్కడ అప్పీలుకి ముప్ఫై రోజులే గడువు, తగిన కారణం చూపితే మరో అరవై. కోర్టు ఖర్చుకి చందా వేసుకునేటప్పుడే లెక్క రాసి గోడకి అంటించండి.

కట్టడం పూర్తవుతున్నప్పుడు

స్లాబులన్నీ పడ్డాక అందరూ మర్చిపోతారు. అసలు మీ చేతిలో పట్టు ఉండేది అప్పుడే. అనుమతి ఇచ్చేటప్పుడు ప్లాన్ ప్రకారమే కడతారన్న హామీగా, కట్టబోయే విస్తీర్ణంలో కొంత భాగాన్ని కార్పొరేషన్‌కి తనఖా పెట్టించుకుంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాన్ ప్రకారం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ ఫ్లాట్లు అమ్ముకోవాలంటే బిల్డర్‌కి ఆ కాగితం కావాలి. కాబట్టి రంగులు వేస్తున్నారనగానే పాత టేపు తీసుకుని మళ్లీ వెళ్లండి. రోడ్డుకి వదిలిన జాగాలో ర్యాంపు కట్టారా, సెక్యూరిటీ గది కట్టారా, జనరేటర్ పెట్టారా చూడండి. స్టిల్ట్ పార్కింగ్‌లో (కింద స్తంభాల మధ్య బండ్లకి వదిలిన జాగాలో) గోడలు లేపి గదులు చేశారేమో చూడండి. కాలువ మీద వేసిన బిళ్లలు లేస్తాయా, సిమెంటుతో పూడ్చేశారా చూడండి. లేవకపోతే రేపు పూడిక తీయడానికి వచ్చే కార్మికుడు ఏం చేయలేడు.

మేం ఆ రోజు పదకొండు బిళ్లలు లెక్కపెట్టాం. నాలుగు పూడ్చేసి ఉన్నాయి. ఫోటోలతో అదే సోమవారం అర్జీ ఇస్తే పది రోజుల్లో పగలగొట్టి, చేత్తో పట్టుకుని లేపేలా ఇనుప కొక్కేలున్న బిళ్లలు వేశారు.